ముందు ప్రింటరు భాష, తర్వాతే ప్రింట్ సర్వరు

నెల్లూరులో, విండోస్‌కు బదులుగా లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవారి కోసం ఏర్పాటైన ఒక సాయంకాల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసిన పాఠం.

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు, కావలి, కందుకూరు, ఒంగోలు నుంచి బస్సెక్కి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం చూడటానికి చిన్నదే. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లు లైనక్స్‌తో నడుస్తున్నాయి. ప్రింటరు ఒక్కటే ఉంది, దానికి వైఫై లేదు. ఆ ఒక్క ప్రింటరును ఇంటిల్లిపాదీ తీగ తగిలించకుండా వాడుకోవాలంటే ఏ వైర్‌లెస్ ప్రింట్ సర్వరు, అంటే ప్రింటరును ఇంటి నెట్‌వర్కుకు కలిపే ఏ పరికరం, కొనాలి? ఇదీ ప్రశ్న. ఈ ప్రశ్న అడిగినవారిని నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: మీ ప్రింటరు ఏది? దాని పేరూ, మోడల్ నంబరూ చెప్పండి. ఆ జవాబు రాకుండా సర్వరు గురించి మాట్లాడటం అనవసరం. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాటకు వివరణే అనుకోండి. సర్వరును ఎంచుకునేది మనం కాదు, మన ప్రింటరు.

దీనికి ఇంత సమయం ఎందుకు కేటాయించాలని కొందరికి అనిపించవచ్చు. పిల్లల హాల్‌టికెట్లు, పొలం అడంగల్ నకళ్లు, బ్యాంకుకు ఇవ్వవలసిన కాగితాలు, ఇవన్నీ ఇంట్లోనే ముద్రించుకోగలగడం ఒక అవసరం. ప్రింటరు పని చేయలేదన్న ఒక్క కారణంతో లైనక్స్‌ను తీసివేసిన ఇళ్లను నేను చూశాను. కంప్యూటరు బాగుంది, ఇంటర్నెట్టు బాగుంది, పిల్లల చదువు సాగుతోంది, కానీ కాగితం బయటికి రాలేదు. అంతే, మర్నాడే లైనక్స్‌కు స్వస్తి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకో తెలుసా? లైనక్స్ వెనుక ఉన్న ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలైనదే ఒక ప్రింటరు దగ్గర. అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ సంస్థ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అందులో కాగితం చిక్కుకుంటే వాడేవారికి కబురు వచ్చేలా దాని ప్రోగ్రామును సవరించాలని అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ అనుకున్నారు. దాని సోర్సు కోడు, అంటే ప్రోగ్రాము అసలు రాత, ఆయన అడిగితే అది చేతిలో ఉన్నవారు ఇవ్వడానికి నిరాకరించారు. ఆ అనుభవం ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. అందరూ స్వేచ్ఛగా వాడుకుని, మార్చుకోగల వ్యవస్థ కోసం 1983లో ఆయన గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ప్రింటరు మీద మన అధికారం మనకు ఉండాలన్న కోరికతో పుట్టిన వ్యవస్థను ప్రింటరు కోసమే వదులుకోవడం సరైన పని కాదు. కాబట్టి కాస్త ఓపికగా వినండి.

మీరు లిబ్రే ఆఫీసులో ఒక ఉత్తరం తెరిచి ప్రింట్ అన్నారనుకుందాం. ఆ మీట నొక్కినప్పటి నుంచి కాగితం బయటికి వచ్చేదాకా ఏం జరుగుతుంది? లైనక్స్‌లో ఈ పని చూసే వ్యవస్థ పేరు కప్స్. మైఖేల్ స్వీట్ 1997లో దీన్ని రాయడం మొదలుపెట్టారు, 1999లో అది లోకానికి అందింది. 2007లో ఆపిల్ సంస్థ దాని కోడును కొనుగోలు చేసి, ఆయనను ఉద్యోగంలోకి తీసుకుంది. 2019 చివర ఆయన ఆపిల్‌ను విడిచిన తర్వాత, లైనక్స్ ఫౌండేషన్ నీడన ఉన్న ఓపెన్‌ప్రింటింగ్ బృందం దాని అభివృద్ధిని భుజానికెత్తుకుంది. ఈ కప్స్ చేసే పనులు రెండు. దయచేసి ఈ రెండింటినీ విడివిడిగా గుర్తుపెట్టుకోండి. మొదటిది అనువాదం: మీ ఉత్తరాన్ని మీ ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మార్చడం. రెండవది రవాణా: అలా మార్చిన సమాచారాన్ని ప్రింటరు దాకా చేర్చడం. అనువాదం చేసేది డ్రైవరూ ఫిల్టర్లూ అనే ప్రోగ్రాములు. రవాణా చేసేది యూఎస్‌బీ తీగో, నెట్‌వర్కో.

ఇప్పుడు చెప్పండి, అంగట్లో ప్రింట్ సర్వరు అని అమ్మే చిన్న పెట్టె ఈ రెండు పనుల్లో ఏది చేస్తుంది? రెండవది మాత్రమే. అది ఉత్తరం చేరవేసే తపాలా మనిషి లాంటిది. కవరులో ఏముందో దానికి తెలియదు, ఏ భాషలో ఉందో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ఒక వైపు వైఫై ద్వారా వచ్చిన బైట్లను మరో వైపు యూఎస్‌బీలోకి తోస్తుంది. అనువాదం మాత్రం మీ లాప్‌టాప్‌లోనే, ఇంట్లో ప్రతి లాప్‌టాప్‌లోనూ విడివిడిగా జరగాలి. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్లనే కొన్న పెట్టెలు ఆరు నెలలకు అటకెక్కుతున్నాయి.

మరి ప్రింటర్లు మాట్లాడే భాషలేమిటి? స్థూలంగా మూడు రకాలున్నాయి.

మొదటి రకం, అందరికీ తెలిసిన భాష మాట్లాడేవి. అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్, హెచ్‌పీ వారి పీసీఎల్, ఈ రెండూ 1984లో వచ్చినవే. ఆఫీసుల్లో వాడి అమ్మేసే బరువైన లేజర్ ప్రింటర్లు సాధారణంగా ఈ కోవలోకి వస్తాయి. మన ఊళ్లలో లెక్కలు రాసే దుకాణాల్లో ఇప్పటికీ కరకరలాడే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు కూడా ఎప్సన్ వారి ఈఎస్‌సీ/పీ అనే పాత భాషే మాట్లాడతాయి కనుక వాటితోనూ పెద్ద చిక్కు లేదు. ఈ రకానికి దాదాపు ఏ పెట్టె తగిలించినా పని నడుస్తుంది.

రెండవ రకంతోనే మన కష్టాలన్నీ. వీటికి తమకంటూ పేజీని అర్థం చేసుకునే శక్తి లేదు. పేజీని చుక్కలుగా విడగొట్టే పని మొత్తం కంప్యూటరే చేసి పంపాలి. ఎన్ని చుక్కలో ఒకసారి లెక్క వేద్దాం. ఏ4 కాగితం, అంగుళానికి 600 చుక్కలు. అడ్డంగా సుమారు 4,960, నిలువుగా 7,016. గుణిస్తే సుమారు మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల చుక్కలు. నలుపు తెలుపుల్లో ఒక్కో చుక్కకు ఒక్క బిట్టు చాలు కనుక సుమారు 43 లక్షల బైట్లు. రంగుల్లో చుక్కకు 24 బిట్లు వేసుకుంటే పది కోట్లు దాటుతుంది. దీన్ని కుదించి, తయారీదారు తన సొంతంగా పెట్టుకున్న పద్ధతిలో కట్ట కట్టి పంపాలి. ఆ పద్ధతిని కంపెనీలు బయటపెట్టవు. మన ప్రాంతపు ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో నేను ఎక్కువగా చూసే రెండు ప్రింటర్లు, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, కేనన్ ఎల్‌బీపీ 2900, రెండూ ఈ రకానివే. ఇక్కడ ఎంతమంది ఇళ్లలో ఈ రెండింటిలో ఒకటి ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం సభ.

మూడవ రకం కొత్త తరం. 2010లో ఆపిల్ ఎయిర్‌ప్రింట్ తెచ్చింది. 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే బహిరంగ ప్రమాణం వచ్చింది. ఈ ప్రింటర్లు తమ పేరు, తమ శక్తి, తమకు కావలసిన రూపం అన్నీ నెట్‌వర్కులో తామే చెప్పుకుంటాయి, కాబట్టి విడిగా డ్రైవరు అక్కరలేదు. వైఫై ఉన్న ఇలాంటి ప్రింటరు మీ దగ్గర ఉంటే ప్రింట్ సర్వరు కొననే వద్దు. యూఎస్‌బీ తీగతో తగిలించినా వీటిలో చాలావాటిని ఐపీపీ యూఎస్‌బీ అనే చిన్న ప్రోగ్రాము నెట్‌వర్కు ప్రింటరులాగే చూపిస్తుంది.

మీ ప్రింటరు ఏ రకమో తెలుసుకోవడానికి ఓపెన్‌ప్రింటింగ్ వారి జాబితాలో మోడల్ పేరు వెతకండి. అందులో ప్రింటర్లను నాలుగు తరగతులు చేశారు: పూర్తిగా పనిచేసేవి, చాలావరకు పనిచేసేవి, కొంతవరకు పనిచేసేవి, చివరిది పేపర్‌వెయిట్, అంటే కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికి తప్ప పనికిరానివి. పేరు వాళ్లు పెట్టిందే, నేను పెట్టింది కాదు.

ఇక సర్వరు దగ్గరికి వద్దాం. దానికి ముందు ఒక చిన్న ప్రశ్న. మీకు కావలసింది వైర్‌లెస్ సర్వరేనా? మీ లాప్‌టాపులు వైఫైలో ఉండటం వేరు, సర్వరు వైఫైలో ఉండటం వేరు. రూటరు ఉన్న అలమరలోనే ప్రింటరు కూడా పెట్టగలిగితే, సర్వరును ఈథర్‌నెట్ తీగతో రూటరుకు కలిపేయండి. మీ లాప్‌టాపులు, ఫోన్లు వైఫై నుంచే ముద్రిస్తాయి. మీకు తేడా తెలియదు. కానీ వైఫై వల్ల వచ్చే చిక్కుల్లో సగం తగ్గిపోతాయి. ప్రింటరు మిద్దె మీది గదిలో ఉండి, ఫైబరు రూటరు కింద హాల్లో ఉండి, మధ్యలో కాంక్రీటు స్లాబు ఉంటే మాత్రం వైర్‌లెస్ తప్పదు. ఆ కాంక్రీటును దాటడంలో 5 గిగాహెర్ట్జ్ కంటే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలే మెరుగు. ప్రింటు పనికి అంత వేగమూ అక్కరలేదు. ఇందాక లెక్క వేసిన 43 లక్షల బైట్లు కుదించాక ఇంకా తగ్గుతాయి. పాత 54 మెగాబిట్ల వైఫైకి కూడా అది క్షణాల పని. కాబట్టి పెట్టె మీద వేగం అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

కొనుక్కునే దారులు మూడున్నాయి: రెడీమేడ్ పెట్టె, యూఎస్‌బీ ఉన్న రూటరు, సొంతంగా లైనక్స్ నడిచే చిన్న కంప్యూటరు.

రెడీమేడ్ పెట్టె కొనేటప్పుడు అట్టపెట్టె వెనుక వైపు చదవండి. ముందు వైపు బొమ్మలు చూడవద్దు. వెనుక మూడు మాటల్లో ఒకటైనా ఉండాలి. ఎల్‌పీడీ లేదా ఎల్‌పీఆర్, ఇది 1990లో రాతపూర్వకంగా నమోదైన పాత పద్ధతి, పోర్టు 515 (పోర్టు అంటే నెట్‌వర్కులో ఒక్కో సేవకు ఉండే తలుపు నంబరు). రా (RAW) లేదా జెట్‌డైరెక్ట్, పోర్టు 9100, ఇది అన్నిటికంటే సరళమైనది. ఐపీపీ, పోర్టు 631, ఇది అన్నిటికంటే తెలివైనది. ఈ మూడింటిలో ఏదీ లేకుండా విండోస్ కోసం ఇచ్చిన సాఫ్ట్‌వేరు గురించి మాత్రమే రాసి ఉంటే, ఆ పెట్టెను అక్కడే పెట్టేసి రండి. అలాంటివి యూఎస్‌బీ తీగనే నెట్‌వర్కులో నడుపుతాయి, కానీ కంపెనీ సొంత పద్ధతిలో. ఆ సాఫ్ట్‌వేరు లైనక్స్‌కు ఇవ్వకపోతే మనకు తలుపు మూసినట్లే. రెండవ విషయం, మొదటిసారి అమర్చుకోవడం బ్రౌజరులో తెరుచుకునే పేజీ ద్వారా జరగాలి, విండోస్ ప్రోగ్రాము ద్వారా కాదు. మూడవది, వైఫై భద్రత. పాత పెట్టెలు కొన్ని వెప్ దగ్గరే ఆగిపోయాయి. అది ఎప్పుడో బలహీనమని తేలిపోయిన పద్ధతి. ఒక పాత పెట్టె కోసం ఇంటి మొత్తం వైఫైని వెప్‌కు దించడం ఎంతమాత్రం తగదు. డబ్ల్యూపీఏ2 కనీసం ఉండాలి. కొత్త రూటర్లను డబ్ల్యూపీఏ3కే పరిమితం చేసి ఉంటే పెట్టె కలవదు. రెండూ అంగీకరించే అమరిక రూటరులో ఎంచుకోవాలి.

ఎల్‌పీడీ పద్ధతి వాడితే క్యూ పేరు అని ఒకటి అడుగుతుంది. అది మన ఇష్టం వచ్చిన పేరు కాదు, పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఇచ్చిన పేరే, ఉన్నది ఉన్నట్టుగా రాయాలి. రెండు పద్ధతులూ ఉన్న పెట్టె అయితే 9100 పోర్టునే వాడమని నా సలహా.

ఈ పెట్టెల్లో రెండు లోపాలు ఎంత మంచి కంపెనీదైనా ఉంటాయి. ఒకటి, వీటిలో సాధారణంగా పనిని దాచుకునే జాగా ఉండదు. మీ లాప్‌టాపే కొంచెం కొంచెంగా పంపుతూ ఉండాలి. నలభై పేజీల పాఠం ముద్రణకు ఇచ్చి, లాప్‌టాప్ మూత వేసి భోజనానికి వెళితే పని మధ్యలోనే ఆగిపోతుంది. రెండు, ఫోన్లు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోనులోనే ముద్రణ సేవ ఉంది, కానీ అది కొత్త తరం ప్రింటర్లనే గుర్తిస్తుంది. 9100 పోర్టులో మౌనంగా కూర్చున్న పెట్టె దానికి కనబడదు.

ఇక హెచ్‌పీ 1020 ఉన్నవారు ఇప్పుడు శ్రద్ధగా వినాలి. ఈ ప్రింటరుకు ఒక విచిత్రమైన స్వభావం ఉంది. దాని ఫర్మ్‌వేరు, అంటే ప్రింటరును లోపలి నుంచి నడిపే ప్రోగ్రాము, దానిలో శాశ్వతంగా ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దానిలోకి ఎక్కించాలి. యూఎస్‌బీతో నేరుగా లాప్‌టాప్‌కు తగిలించినప్పుడు ఈ పని తెర వెనుక జరిగిపోతుంది, మనకు తెలియదు. అదే ప్రింటరును తీసి పెట్టెకు తగిలించండి. ఏమవుతుంది? పచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది. లాప్‌టాప్‌లో పని పూర్తయిందని చూపిస్తుంది. కాగితం మాత్రం కదలదు. వాడేవారు ప్రింటరు పాడైందనుకుంటారు, మెకానిక్ దగ్గరికి మోసుకుపోతారు. అక్కడ విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే చక్కగా పనిచేస్తుంది. ఇంటికి తెస్తే మళ్లీ మామూలే. కారణం ఒక్కటే, ఫర్మ్‌వేరు ఎక్కించేవారు లేరు. పూర్తయిందన్న మాటకు 9100 పోర్టు విషయంలో అర్థం బైట్లు చేరాయని మాత్రమే, కాగితం వచ్చిందని కాదు. ఆ ఫర్మ్‌వేరు ఫైలును నెట్‌క్యాట్ అనే చిన్న ప్రోగ్రాముతో అదే 9100 పోర్టుకు పంపి చూడండి. ఒక్క క్షణం తర్వాత ప్రింటరు లోపలి చక్రాలు గరగరమని తిరిగి, మేలుకుంటుంది. అప్పుడు పంపిన పేజీ వస్తుంది. అయితే ప్రతిసారీ, స్విచ్ వేసిన ప్రతిసారీ, ఇంట్లో ఎవరో ఒకరు ఈ పని చేయాలి. మీ అమ్మగారు చేస్తారా? చేయవలసిన అవసరం ఆమెకు ఎందుకు రావాలి?

అందుకే రెండవ దారిని చూద్దాం. యూఎస్‌బీ ఉన్న రూటరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లైనక్స్‌ను ఎక్కించుకుంటే, పీ910ఎన్‌డీ అనే అతి చిన్న ప్రోగ్రాము దానిని 9100 పోర్టు సర్వరుగా మార్చేస్తుంది. ప్రింటరు స్విచ్ వేయగానే ఫర్మ్‌వేరును తనంతట తానే పంపేలా ఒక చిన్న స్క్రిప్టు కూడా పెట్టుకోవచ్చు. ఇది అందమైన పరిష్కారం, కరెంటు ఖర్చు కూడా తక్కువే. కానీ ఇంటర్నెట్టు కంపెనీ ఇచ్చిన రూటరులో ఇది చేయవద్దు, అది వారి సొత్తు, పైగా చాలావాటికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రాదు. విడిగా మరో రూటరు ఉంటేనే ఈ దారి. అనువాదం మాత్రం ఇక్కడా లాప్‌టాప్ మీదే.

మూడవ దారి నా మనసుకు నచ్చినది, ఎక్కువ సేపు దాని గురించే చెబుతాను. ప్రింటరు పక్కన సొంతంగా లైనక్స్ నడిచే ఒక చిన్న కంప్యూటరును పెట్టి, దానిలో కప్స్ వేసి, ప్రింటరును దానికి యూఎస్‌బీతో తగిలించడం. అప్పుడు అనువాదమూ రవాణా రెండూ అక్కడే జరుగుతాయి. డ్రైవరు ఒక్కచోటే ఉంటుంది. లాప్‌టాప్ పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకుంటుంది, మూత వేసుకోవచ్చు. అవాహీ అనే సేవ ఈ ప్రింటరు ఇక్కడుంది అని ఇంటి నెట్‌వర్కులో చాటుతుంది కనుక పదిహేనేళ్ల నాటి ప్రింటరు కూడా ఫోన్లకు కొత్త తరం ప్రింటరులా కనిపిస్తుంది. దీని విలువ ఆలోచించండి. పారేయమని చెప్పిన వస్తువుకు మళ్లీ ఆయువు పోసినట్లయింది.

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటరు ఇందుకు సరిపోతుంది. 2021 అక్టోబరులో 15 డాలర్ల ధరకు ప్రకటించారు. ఇక్కడ చేతికి వచ్చేసరికి ధర పెరుగుతుంది, ఎస్‌డీ కార్డు, అడాప్టరు, యూఎస్‌బీ కన్వర్టరు కలుపుకోవాలి. 512 మెగాబైట్ల మెమరీ. నలుపు తెలుపుల పనికి హాయిగా సరిపోతుంది. పేజీ నిండా రంగుల ఫోటోలైతే ఇందాకటి పది కోట్ల బైట్ల లెక్క గుర్తు చేసుకోండి, కాస్త ఆలస్యం తప్పదు. దీని వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే, అది మన స్లాబు ఇళ్లకు అనుకూలమే. 2017లో వచ్చిన పాత జీరో డబ్ల్యూ కూడా పనిచేస్తుంది కానీ దానికి ఒక్కటే కోర్ ఉంది, మొదటి పేజీ కోసం ఎదురుచూడాలి. 1020 ఉన్నవారు దీనిలో హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్లు ఉండే హెచ్‌పీలిప్ వేసుకుని, హెచ్‌పీ ఇచ్చే ప్రత్యేక ప్లగిన్‌ను అదనంగా దించుకోవాలి. అప్పుడు ఫర్మ్‌వేరు బాధ్యత అదే చూసుకుంటుంది.

మరి కేనన్ 2900 సంగతి? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆ ప్రింటరు మాట్లాడే భాష కాప్ట్. దానికి పంపడమే కాదు, దాని నుంచి జవాబులు కూడా వింటూ ఉండాలి. అందుకే ఒకవైపు మాత్రమే బైట్లు తోసే పెట్టెలు దీనితో మొరాయిస్తాయి. సరే, రాస్ప్‌బెర్రీ పై పెడదామా? కేనన్ లైనక్స్‌కు డ్రైవరు ఇచ్చింది, నిజమే. కానీ అది ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోసం తయారుచేసినది. రాస్ప్‌బెర్రీ పైలో ఉన్నది ఆర్మ్ ప్రాసెసరు. ఆ డ్రైవరు దానిమీద నడవదు. ఔత్సాహికులు రాసిన స్వేచ్ఛా డ్రైవరు ఒకటి ఉంది, దానిని సోర్సు నుంచి కంపైల్ చేసుకోవాలి, అంటే మన కంప్యూటరులో నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలి, ఓపిక ఉన్నవారికి అది మంచి పని. ఓపిక లేనివారికి నా సలహా వేరు.

వేదాయపాళెంలో ఒక ఉపాధ్యాయ దంపతుల ఇల్లు ఉంది. వారి అనుమతితోనే చెబుతున్నాను. కింద ఇద్దరివీ రెండు లాప్‌టాపులు, రెండూ లైనక్స్ మింట్. మిద్దె మీద చదువుకునే గదిలో కేనన్ 2900. అమ్మగారు ప్రశ్నపత్రం తయారుచేసుకుని, పెన్‌డ్రైవులో వేసుకుని, మెట్లెక్కి వెళ్లి అక్కడున్న పాత కంప్యూటరులో ముద్రించుకుని వచ్చేవారు. ఆ పాత కంప్యూటరు ఇంటెల్ ప్రాసెసరుది. ఆమె అడిగింది ఏ వైర్‌లెస్ పెట్టె కొనాలని. కొనవలసింది పెట్టె కాదు, ఆ కంప్యూటరుకు ఒక యూఎస్‌బీ వైఫై అడాప్టరు మాత్రమే. దానిలో డెబియన్ అనే లైనక్స్ వేసి, కేనన్ డ్రైవరు వేసి, అది అడిగే కొన్ని 32 బిట్ లైబ్రరీలు, అంటే సహాయక ఫైళ్లు, కూడా వేసి, కప్స్‌లో ప్రింటరును నలుగురికీ పంచే గుర్తు పెట్టడంతో పని అయిపోయింది. కింద లాప్‌టాపులలో ఏ డ్రైవరూ వేయలేదు. ప్రింట్ అనగానే జాబితాలో ప్రింటరు పేరు తానే వచ్చి కూర్చుంది. పైన గదిలో కాగితం జారిన చప్పుడు మెట్ల మీదికి వినిపించింది.

ఇంట్లో నెట్‌వర్కు అమరిక గురించి కొన్ని మాటలు. సర్వరు ఏదైనా సరే, రూటరులో దానికి ఒక స్థిరమైన చిరునామా కేటాయించండి. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అని ఉంటుంది, సర్వరు మ్యాక్ చిరునామా (ప్రతి నెట్‌వర్కు పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఇస్తే ఎప్పుడూ అదే అంకె ఇస్తుంది. అది చేయకపోతే నిన్న పనిచేసిన ప్రింటరు ఈ రోజు మాయమవుతుంది. గెస్ట్ వైఫైలో సర్వరును పెట్టవద్దు, అక్కడ ఒక పరికరానికి మరో పరికరం కనబడకుండా అడ్డు ఉంటుంది. కొన్ని రూటర్లలో మామూలు వైఫైకి కూడా ఐసోలేషన్ అనే పేరుతో ఆ అడ్డు ఉంటుంది, తీసేయండి. లాప్‌టాప్‌కు ప్రింటరు పేరు కనబడకపోతే భయపడకండి, పేరు చాటే సందేశాలు యూడీపీ 5353 పోర్టులో నడుస్తాయి, కొన్ని రూటర్లు వాటిని మింగేస్తాయి. అప్పుడు చిరునామాను నేరుగా ఇచ్చి ప్రింటరును చేర్చుకోండి.

కరెంటు. మన జిల్లాల్లో దీన్ని వదిలిపెట్టి ఏ సలహా ఇచ్చినా అది అసంపూర్ణమే. నవంబరు, డిసెంబరుల్లో తుపాను వేళ రోజుకు ఎన్నిసార్లు పోతుందో ఎన్నిసార్లు వస్తుందో మీకు తెలుసు. రూటరునూ చిన్న సర్వరునూ ఇన్వర్టరు మీద పెట్టండి, వాటికి అయ్యే కరెంటు చాలా తక్కువ. లేజర్ ప్రింటరును మాత్రం ఇన్వర్టరుకు తగిలించవద్దు. టోనరును కాగితానికి అతికించే వేడి రోలరు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇన్వర్టరు తట్టుకోలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు రెడీమేడ్ పెట్టె రూటరు కంటే ముందే లేచి, చిరునామా దొరక్క అలాగే ఉండిపోవడం కద్దు. రూటరు పూర్తిగా లేచాక పెట్టెను ఒకసారి ఆపి, మళ్లీ స్విచ్ వేయండి. రాస్ప్‌బెర్రీ పై వాడేవారికి ఎస్‌డీ కార్డు భయం ఉంటుంది. హఠాత్తుగా కరెంటు పోతే కార్డులోని ఫైళ్లు చెడిపోవచ్చు. అమరిక అంతా పూర్తయ్యాక ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే ఎంపికను పెట్టుకోండి. దానితో కార్డు మీద రాతలు ఆగిపోతాయి, ముద్రణ పనులు మెమరీలోనే నడుస్తాయి. మార్పులేమైనా చేయాలంటే ముందు దాన్ని తీసి, చేసి, మళ్లీ పెట్టాలి.

తెలుగు అక్షరాల గురించి ఇందాక ముందు వరుసలో ఒక పెద్దాయన అడిగారు. ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు గడులు వస్తే అది ప్రింట్ సర్వరు తప్పు కాదండీ. అక్షరాన్ని మలిచేది మీ లాప్‌టాప్‌లోని ఫాంటు. ఉత్తరాన్ని ముందు పీడీఎఫ్ చేసి, దానిలో ఫాంటును కూడా పొదిగి, ఆ పీడీఎఫ్‌ను ముద్రణకు పంపండి. సాదా టెక్స్టు ఫైలును నేరుగా కప్స్‌కు పంపితేనే ఎక్కువగా ఈ బాధ వస్తుంది.

స్కానరు కూడా కలిసి ఉన్న ప్రింటర్ల విషయం ఒక్క మాటలో చెబుతాను. రెడీమేడ్ పెట్టెల ద్వారా లైనక్స్‌కు స్కానింగ్ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. చిన్న కంప్యూటరు దారిలో అయితే సేన్ అనే వ్యవస్థ ద్వారా స్కానరును కూడా పంచుకోవచ్చు.

భద్రత గురించి చెప్పకుండా ముగించలేను. 2024 సెప్టెంబరులో కప్స్ బ్రౌజ్డ్ అనే అనుబంధ ప్రోగ్రాములో ఒక తీవ్రమైన లోపం బయటపడింది. అది యూడీపీ 631 పోర్టులో ఎవరు పలికినా వినేది, వారు చెప్పిన ప్రింటరును నమ్మేది. సవరణలు వచ్చాయి. మీ సర్వరులో అప్‌డేట్లు ఎప్పటికప్పుడు వేయండి, ఆ ప్రోగ్రాము అవసరం లేకపోతే ఆపేయండి. బయట ఊరి నుంచి ఇంటి ప్రింటరులో ముద్రించుకోవాలన్న ఉత్సాహంతో రూటరులో 631, 9100 పోర్టులను బయటి ప్రపంచానికి తెరవవద్దు. 9100 పోర్టుకు పాస్‌వర్డు అనేదే లేదు, తెరిచి ఉంటే దారినపోయే ఎవరైనా మీ కాగితం మీద రాయగలరు.

కందుకూరు నుంచి వచ్చిన అమ్మాయి చీటీ పంపింది: పాత లాప్‌టాప్‌నే సర్వరుగా పెట్టుకోవచ్చా అని. నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చమ్మా. అది ఇంటెల్ ప్రాసెసరుది అయితే కేనన్ డ్రైవరు కూడా నడుస్తుంది, బ్యాటరీ కాస్తయినా నిలిస్తే కరెంటు పోయినా చెక్కుచెదరదు. మూత వేసినప్పుడు నిద్రపోకుండా లాగిన్‌డీ అనే లైనక్స్ సేవ అమరికల్లో మూత మీటను పట్టించుకోవద్దని రాయాలి. రాస్ప్‌బెర్రీ పై కంటే కరెంటు ఎక్కువ తింటుంది, అదొక్కటే లోటు. మిగతా చీటీలు చాలా ఉన్నాయి. ప్రింటర్లు వెంట తెచ్చినవారు వాటిని వెనుక బల్ల మీద పెట్టి, యూఎస్‌బీ తీగ నా లాప్‌టాప్‌కు తగిలించండి. ముందు అది ఏ భాష మాట్లాడుతుందో చూసి, ఆ తర్వాత దేనికి డబ్బు పెట్టాలో ఒక్కొక్కరికీ విడిగా చెబుతాను.